ఆల్చిప్పల శెట్టి

అనంతపురంలో ధర్మవరం పట్టుచీరలు అమ్మే జయరామయ్య శెట్టికి ఒకే ఒక్క పిచ్చి. హోటల్ కనిపిస్తే లోపలికి పోతాడు. కుర్చీ లాక్కోకముందే సర్వరును పిలిచి, "ఏమప్పా, మీ దగ్గర ఆల్చిప్పలుండాయా? మంచివేనా?" అని అడుగుతాడు. ఉన్నాయని ఇంతవరకు ఏ సర్వరూ చెప్పలేదు. ఆయన అడగడమూ మానలేదు.

ఇందులో వింత ఎంతో తెలియాలంటే రెండు సంగతులు తెలియాలి. ఈ ఊరి నుంచి సముద్రం చూడాలంటే తూర్పుకు పోయినా, పడమటికి పోయినా ఒక రోజు బస్సులో కూర్చోవాలి. ఇక్కడ వీధిలోకి నీళ్ల ట్యాంకరొస్తే పెళ్లి ఊరేగింపు వచ్చినట్టు జనం బయటికొస్తారు. ఆల్చిప్ప అన్న మాట ఇక్కడి ఆడవాళ్లకు తెలుసు గానీ, వాళ్ల అవ్వలు సంగటి కుండ అడుగు గీకడానికి వాడిన పనిముట్టుగానే తెలుసు. గరిటెను వేయించుకొని తింటానంటే ఎట్లా ఉంటుందో, ఆల్చిప్పలు తింటానంటే ఈ సీమలో అట్లా ఉంటుంది. ఇక రెండో సంగతి: జయరామయ్య శెట్టి పుట్టిన అరవై ఎనిమిదేళ్లలో కోడిగుడ్డును కూడా దూరం నుంచే చూశాడు. పక్కింట్లో వెల్లుల్లి వేగితే ఈయన తన ఇంటి కిటికీ మూస్తాడు.

ముత్యాల కోసం ఆల్చిప్పలు వెతికినవాళ్ల కథలు పుస్తకాల నిండా ఉన్నాయి. రాజులు ఓడలు పంపారు, మునిగినవాళ్లలో సగం మంది తేలలేదు, తేలినవాళ్ల చేతిలో ముత్యం ఉంటే చరిత్ర, లేకుంటే లేదు. కాని ముత్యం వద్దు, చిప్పే కావాలని, అదీ బళ్లారి రోడ్డు మీద స్కూటర్లో తిరిగి వెతికినవాడు ఈయనొక్కడే.

ఆ స్కూటరు తోలేవాడు నాగప్ప. బెళుగుప్ప వైపు మనిషి. నాలుగెకరాల శెనక్కాయ చేను వరసగా మూడేళ్లు ఎండిపోతే, పెండ్లాన్నీ పాలు తాగే బిడ్డనూ అనంతపురంలో వదిలి, పడమటి సముద్రం ఒడ్డున మల్పేకు వలసపోయాడు. అక్కడ ఒక చేపల హోటల్లో మొదట రెండేళ్లు గిన్నెలు తోమాడు, ఉల్లిపాయలు కోశాడు, చివరికి వంటవాడయ్యాడు. వాళ్లు అప్పజెప్పింది ఆల్చిప్పల పొయ్యి. అప్పటి నుంచి పన్నెండేళ్లూ అదే వండాడు.

ఈ ఏడు వానాకాలంలో చేపల వేట ఆగి ఆ హోటలు మూసినప్పుడు నాగప్ప ఇంటికొచ్చాడు. తలుపు తీసిన కూతురు హరిత, పదో తరగతి పిల్ల, తండ్రి ముఖం చూసి, "ఈడ కూర్చోండి, అమ్మ వస్తాంది" అన్నది. చుట్టానికి చెప్పినట్టు. ఆ మాటతో నాగప్ప ఇక మల్పే బస్సెక్కకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. మల్పే యజమాని మాత్రం ఫోన్లో ఖండితంగా చెప్పాడు: దీపావళికి రాకపోతే ఆ పొయ్యి ఇంకొకడిది. కాబట్టి దీపావళిలోపల అనంతపురంలో ఒక వంటపని దొరకాలి. దొరకలేదా, మళ్లీ బస్సు, మళ్లీ చుట్టరికం.

నాగప్ప పెండ్లాం సుజాత శెట్టి అంగట్లో చీరలకు కుచ్చులు కడుతుంది. శెట్టికి కంటి ఆపరేషన్ అయి డాక్టరు స్కూటరు తోలొద్దన్నాడు. "నువ్వెట్లాగూ ఊరికే ఉండావు కదప్పా, నా బండి తోలు. దారిలో నీ పనీ అడుగుదాం" అన్నాడు శెట్టి.

మొదటి రోజు బండి మీద ఇద్దరికీ జరిగిన మాటలు ఇవి.

"ఏం వండుతావు నాగప్పా?"

"ఆల్చిప్పలు, సామీ."

"ఇంకా?"

"అవే. వేపుడు జేస్తా, పులుసు బెడతా, కొబ్బరేసి కూర జేస్తా."

"అన్నం?"

"అన్నం వేరే ఆయప్ప వండుతాండె."

బండి సప్తగిరి సర్కిల్ చేరాక శెట్టి వెనక నుంచి ముందుకు వంగాడు. అక్కడ సిగ్నల్ దగ్గర, "అవి మంచివో కావో ఎట్లా తెలుస్తాది?" అన్నాడు.

పన్నెండేళ్లలో ఆ ప్రశ్న అడిగినవాడు లేడు. నాగప్ప పొంగిపోయి, పచ్చలైటు పడిందని వెనక బస్సు మొత్తుకుంటున్నా వినకుండా చెప్పాడు. "పచ్చిగా ఉన్నప్పుడు తడితే నోరు మూసుకోవాల సామీ. ఉడికినాక నోరు తెరవాల. తిరగబడినాయంటే పారెయ్యాల్సిందే."

"ఈ పరీక్ష ఓట్లకు ముందర ఒకసారి, గెలిచినాక ఒకసారి పెడితే ఎంత మంది మిగులుతారప్పా" అన్నాడు శెట్టి.

మరుసటి రోజు నుంచి ఆయనకు ఈ పిచ్చి పట్టింది. తన నోటి దురద వల్ల ఒక నిష్ఠాపరుడు చెడిపోయాడని నాగప్ప రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

మొదట పోయింది పాతూరులో మాంసం వండే ఒక మిలిటరీ హోటల్‌కు. దాని యజమాని గల్లాపెట్టె దగ్గర నిమ్మకాయంత బొట్టుతో కూర్చుని ఉన్నాడు. శెట్టి గుమ్మంలోకి రాగానే తన కళ్లు తానే నమ్మలేక లేచి నిలబడ్డాడు.

"శెట్టిగారా? చందాకేమన్నా వచ్చినారా?"

"తినేకి వచ్చినా. చిప్పలుండాయా అప్పా?"

"ఉండాయి. మోకాలి చిప్పలు. పొద్దున పొట్టేలుది. సూపు జేపిస్తా."

"అవి కాదు. ఆల్చిప్పలు."

"అవి గీకేవి కదా సామీ?"

ఇదే అదను అనుకొని నాగప్ప ముందుకొచ్చాడు. "అన్నా, నేను వంట..." అనేలోపల శెట్టి అతని చెయ్యి పట్టి లాగాడు. "ల్యావంట నాగప్పా. అయితే ఆడికే పోదాం పా" అన్నాడు, హోటల్లో అందరికీ వినబడేటట్టు.

బయటికొచ్చాక నాగప్ప అడిగాడు. "ఆడికి అంటే యాడికి సామీ?"

"బండి తియ్యి, చెప్తా."

చెప్పలేదు. గడియారస్తంభం దగ్గర బొరుగుల ఉగ్గాని అమ్మే చిన్నక్క బండి ముందర ఆపించి, ఇద్దరికీ రెండు ప్లేట్లు, తనది ఉల్లిపాయ లేకుండా చెప్పి, తన దాంట్లో మిరపకాయ బజ్జీ నాగప్ప ప్లేట్లో వేశాడు. అంతే. ఆ పూటకు 'ఆడ' అయిపోయింది.

ఇదే తంతు ప్రతి హోటల్లో. ఊరి నిండా ఇప్పుడు పెద్ద పళ్లెంలో అరబ్బు బిర్యానీ పెట్టే మండి హోటళ్లు వచ్చాయి. మొదటిది తెరిచినప్పుడు శింగనమల రైతు ఒకాయన శెనక్కాయల మండీ అనుకొని మూటతో సహా లోపలికి పోయాడని చెప్పుకుంటారు. అట్లాంటి ఒకదాంట్లో శెట్టి తివాచీ మీద బాసిపట్టు వేసుకొని కూర్చుని చిప్పలడిగితే, కుర్ర సర్వరు వినయంగా ఆలుగడ్డ చిప్స్ పొట్లం తెచ్చి ముందర పెట్టాడు. పక్క తివాచీ మీద తింటున్న రిటైర్డ్ హెడ్ కానిస్టేబులు, "ఏం శెట్టీ, చిప్పకూడు తినాలని మనసైందా? దానికి హోటల్లెందుకు తిరగాల, కల్తీ చీరలు నాలుగు అమ్ము, మావోళ్లే వచ్చి తీసకపోతారు" అన్నాడు. అందరూ నవ్వారు. శెట్టి కూడా నవ్వి, లేచి, "అయితే ఆడికే పోదాం పా నాగప్పా" అన్నాడు.

నాగప్ప ఏడవలేక బండి తీశాడు. ఆ హోటల్లో వంటమాస్టరు కావాలని గోడ మీద కాగితం అంటించి ఉంది. దాన్ని వేలితో చూపిస్తున్నప్పుడే శెట్టి ఆ వేలు పట్టుకొని బయటికి లాక్కొచ్చాడు.

"ఏమయ్యా, పనడిగేకి పోతాండావా, ఊరు నవ్వించేకి పోతాండావా?" అని సుజాత నిలదీసింది. "దీపావళి ఎన్ని వారాలుందో లెక్క పెట్టుకున్నావా?"

"ఆయప్ప నోరు తెరవనీడు సుజాతా. తెరిస్తే ఆయనే తెరవాల."

"అయితే ఆయప్పతో తిరగాకు."

"నా వల్లనే గదా చెడింది మనిషి. నేను తోడు లేకుంటే నిజంగానే యాడన్నా తినేస్తాడేమో."

ఇంతలో శ్రావణమాసం వచ్చింది. కోడిపుంజులు కూడా ధైర్యంగా వీధిలో తిరిగే నెల అది. ఆ నెలలోనూ శెట్టి అడగడం ఆపలేదు. సంగతి ఆయన భార్య పద్మావతమ్మకు చేరింది. ఆమె కంచం తీసుకొచ్చి వసారాలో పెట్టింది. వీధికి వినబడేటట్టు, "మైలకూడు అడుక్కునేవాళ్లకు నా వంటింట్లో చోటు లేదు" అన్నది. శెట్టి వసారాలో కూర్చుని తిన్నాడు. పోయేవాళ్లు, వచ్చేవాళ్లు చూశారు. కొంతమంది చూడ్డానికే పోయి వచ్చారు.

ఆ తర్వాతే ఊళ్లో అసలు గాలి మారింది. మాంసం తినేవాడు మాంసం బాగుందంటే ఎవడూ పట్టించుకోడు. ఉల్లిపాయ ముట్టని శెట్టి, పెండ్లాం చేతిలో వసారా పాలై కూడా ఒక వస్తువును వదలలేకపోతున్నాడంటే అదేదో మామూలు వస్తువు కాదని జనానికి తోచింది. పక్కవాడికి నిషిద్ధమైనదానికి ఉన్న రుచి మనకు ఇష్టమైనదానికి ఎప్పుడూ ఉండదు. కమలానగర్ కుర్రవాళ్లు పుట్టినరోజు పార్టీల్లో చిప్పలడగడం మొదలుపెట్టారు. ఒక కాంట్రాక్టరు తాను ఇదివరకే తిన్నానని చెప్పాడు. ఎట్లా ఉంటుందని అడిగితే, "మెత్తగా, కరకరమంటాది" అన్నాడు.

హోటళ్లవాళ్లకు మాత్రం చిప్పల బాధ కంటే 'ఆడ' బాధ ఎక్కువైంది. ఆడ అంటే యాడ? మన దగ్గర లేని సరుకు ఎవడి దగ్గర ఉంది? పాతూరువాడు మండివాణ్ణి అనుమానించాడు, మండివాడు బెంగళూరు రోడ్డు చంద్రమోహన్‌ను అనుమానించాడు. చంద్రమోహన్ అంటే మూడంతస్తుల ఏసీ హోటలు. ఆయనకు అనుమానించడానికి పైన ఎవరూ లేరు. అందుకని ఒకరోజు తన హోటల్లో శెట్టి 'ఆడికే పోదాం' అనగానే కారెక్కి స్కూటరు వెంటబడ్డాడు.

స్కూటరు చిన్నక్క బండి దగ్గర ఆగింది. చంద్రమోహన్‌కు గుండె ఆగింది. మరుసటి రోజు పొద్దున్నే నల్ల కళ్లద్దాలు పెట్టుకొని పోయి బండి పక్కన నిలబడ్డాడు.

"ఒక ఉగ్గాని. ఇంకా... ఆ సరుకు కూడా."

"ఏ సరుకు నాయనా?"

"అదే. శెట్టి తినేది."

"పుట్నాలపొడా? అయిపాయ. రేపు రా."

"దాచొద్దు చిన్నక్కా. ఎంత కావాలన్నా ఇస్తా. వండేదెవరు?"

"వండేదెవరంటావేమి? కనపడ్లేదా? ముందర ఆ అద్దాలు తియ్యి" అన్నది చిన్నక్క.

అద్దాలు తీసి, ఉగ్గాని తిని, చంద్రమోహన్ నేరుగా నాగప్ప ఇంటికి పోయాడు. మంచం మీద కూర్చుని కాళ్లబేరానికొచ్చాడు. "ఆయన్ను రోజూ నువ్వే తోలుకపోతాండావు. నీకు తెలీకుండా ఉండదు. ఈ ఊళ్లో ఆల్చిప్పలు వండే మొనగాడు ఎవడప్పా? నాకు వాడు కావాల. బెంగళూరు నుంచి ఐసుపెట్టెల్లో సరుకు నేను తెప్పిస్తా. మనిషిని చూపించు, చాలు."

 శెట్టి అంగట్లో రోజూ చూసిందే నాగప్పకు గుర్తొచ్చింది. అమ్ముడుపోవాలనుకున్న చీరను శెట్టి ఎప్పుడూ పరచి చూపించడు. కాగితం చుట్టి బల్ల చివర పెడతాడు. వచ్చినావిడ దాన్ని చూసి అడిగితే, "అది వద్దులేమ్మా, వేరేవాళ్లు అడిగినారు" అంటాడు. ఆవిడ ఆ చీర తీసుకోకుండా ఇంటికి పోదు. మూడు నెలలుగా కాగితం చుట్టి స్కూటరు మీద పెట్టుకొని ఊరంతా తిప్పింది ఏ సరుకునో నాగప్పకు అప్పుడు తెలిసింది.

"నేనే, అన్నా" అన్నాడు.

పని ఆ మంచం మీదే ఖాయమైంది. ఒక్క షరతు. మొదటి రోజు శెట్టి వచ్చి, అందరి ముందర తిని, బాగుందనాలి. ఆయన బాగుందంటే ఊరు తింటుంది. లేదంటే ఐసుపెట్టెలు వెనక్కి, వంటవాడూ వెనక్కి.

చంద్రమోహన్ అంగడికి పోయి ఆహ్వానించాడు. "శనివారం పెట్టుకుందామా శెట్టిగారూ?"

"శనివారం వెంకటేశ్వరస్వామి కదప్పా."

"సోమవారం?"

"ఈశ్వరుడు."

"బుధవారం?"

"మా నాయన పోయిన వారం."

"అయితే ఆదివారం."

ఆదివారానికి శెట్టి దేవుణ్ణి వెతుక్కునేలోపల చంద్రమోహన్ ఫ్లెక్సీకి ఆర్డరిచ్చేశాడు. రెండు రోజుల్లో సర్కిల్లో లేచింది. నీలం సముద్రం, ఒక ఓడ, ఎగురుతున్న చేప, మధ్యలో చేతులు జోడించిన జయరామయ్య, మూలన ఎవరో తెలియని ఆరుగురు యువనాయకులు. 'ఆల్చిప్పల రసజ్ఞులు, మాన్యశ్రీ శెట్టిగారికి స్వాగతం సుస్వాగతం.' పద్మావతమ్మ దాని కింద ఆటో ఆపి, పూర్తిగా చదివి, నేరుగా ఇంటికి పోయింది. అది చూసినవాళ్లు శెట్టి మీద జాలిపడ్డారు.

శనివారం సాయంత్రం నాగప్ప అంగడికి పోయాడు. శెట్టి చీర మడత పెడుతున్నాడు గానీ మడత కుదరడంలేదు.

"రేపు మీరు రావొద్దు సామీ. కడుపునొప్పని చెప్తా."

"నేను రాకుంటే నీ పనేమైతాది?"

"దీపావళికి మల్పే బస్సు ఎట్లా ఉండనే ఉండాది."

"ఊరికే ఉండప్పా. ఒకటి మింగితే నేనేం సచ్చిపోతానా?" అన్నాడు శెట్టి. ఆ మాటంటున్నప్పుడే ఆయనకు పొలమారింది. నీళ్లు తాగి, "దానికి ప్రాయశ్చిత్తం ఏమన్నా ఉంటాదేమో అయ్యవారిని అడుగుతాలే" అన్నాడు.

నాగప్ప అట్నుంచి అట్లే మార్కెట్‌కు పోయాడు.

ఆదివారం మధ్యాహ్నం మూడంతస్తులూ నిండిపోయాయి. వాళ్లలో ఆల్చిప్పను ప్లేట్లో చూసినవాడు ఒక్కడూ లేడు, తిన్నానన్న కాంట్రాక్టరుతో సహా. శెట్టిని నట్టనడుమ కూర్చోబెట్టారు. చంద్రమోహన్ వీడియో తీయడానికి ఫోను పట్టుకొని నిలబడ్డాడు. వంటింటి తలుపు తెరుచుకొని నాగప్ప వచ్చాడు. చేతిలో హోటలు పళ్లెం లేదు, ఇంటి నుంచి తెచ్చిన స్టీలు క్యారియరు ఉంది. శెట్టి ముందర అరిటాకు వేసి, దాని మీద కుమ్మరించాడు. నల్లటి కొబ్బరి మసాలాలో మునిగిన చిన్న చిన్న చిప్పలు, పొగలు కక్కుతూ.

శెట్టి కళ్లు మూసుకున్నాడు. పెదవులు ఏదో మంత్రం చదివాయి. తడుముకుంటూ ఒకటి తీసి బొటనవేలితో నొక్కాడు. టప్పుమని విచ్చుకుంది. అనంతపురం జిల్లాలో పుట్టినవాడికి ఆ చప్పుడు చెవికి, ఆ నొక్కు వేలికి, కళ్లు మూసుకున్నా తెలుస్తాయి. ఆయన ఒక కన్ను తెరిచి నాగప్ప వైపు చూశాడు. అప్పుడే తవ్విన పచ్చి శెనక్కాయలు, తొక్కతో సహా, సుజాత పొయ్యి మీద, కొత్త కుండలో, ఉల్లి వెల్లుల్లి లేకుండా ఉడికినవి.

"ఎట్లుండాయి శెట్టిగారూ?" అన్నాడు చంద్రమోహన్, ఫోను దగ్గరికి తెచ్చి.

శెట్టి నమిలాడు. మింగాడు. "ఇంగ ఆడికి పోయే పని లేదప్పా" అన్నాడు.

హోటలు దద్దరిల్లింది. మూల బల్ల దగ్గర ముదిగుబ్బ నుంచి వచ్చిన ముసలి రైతు మెడ చాచి చూసి, "రేయ్, అవి శెనక్కాయల్లా ఉండాయే" అన్నాడు. కొడుకు ఆయన్ను మోచేత్తో పొడిచి, "నీకు తెలీదులే నాయనా, సముద్రంలో అట్లే ఉంటాయి" అన్నాడు. తర్వాత జనానికి అసలు ఆల్చిప్పలు వడ్డించారు. అవి నిజంగానే బాగున్నాయి, పన్నెండేళ్ల చెయ్యి మరి. అయినా సగం మంది శెట్టి తిన్న చిన్నసైజువే కావాలని పట్టుబట్టారు. ఆ సాయంత్రమే చంద్రమోహన్ మెనూలో 'శెట్టి స్పెషల్' చేరింది.

నాగప్ప మల్పేకు ఫోన్ చేసి రానని చెప్పాడు. ఇంటికి పోతే హరిత గుమ్మంలోనే ఆపింది. "నాయనా, ఈడే కాళ్లూ చేతులూ కడుక్కొని రా. ఇల్లంతా చేపల వాసన జేస్తాండావు." ఆ కసురు విని నాగప్ప రెండుసార్లు కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున శెట్టి లేని సమయం చూసుకొని పద్మావతమ్మ దగ్గరికి పోయాడు. మనసులో బరువు దించుకోవాలి. ఆమె బియ్యం చెరుగుతోంది.

"అమ్మా, ఒక మాట చెప్పాల. సామి ఒక్కరోజు కూడా తినలేదమ్మా. నిన్న తిన్నది శెనక్కాయలు. ఇదంతా నా పని కోసం చేసినాడు. ఆయన్ను ఇంగ లోపల కూర్చోబెట్టుకోండి."

"కూర్చో నాగప్పా" అన్నది ఆమె, చేట ఆపకుండా. "నలభై నాలుగేండ్లు కాపురం జేసినా. పక్కింట్లో చేపల పులుసు కాగితే తలనొప్పని పండుకునే మనిషి. నాకు తెలీదా తిన్నాడో లేదో?"

"మరి వసారాలో కంచం..."

"లోపల బెట్టి నేతితో వడ్డిస్తే ఊరు నమ్ముతాదా? అంగట్లో ఆయప్ప ఒక్కడే కాదు, నేనూ చీరలు అమ్మినా." ఒక రాయి ఏరి పారేసి గొంతు తగ్గించింది. "ఆయనకు మాత్రం చెప్పొద్దు. నన్ను భలే మోసం జేసినానని మూడు నెలలుగా లోలోపల నవ్వుకుంటాండాడు పాపం."

బయట స్కూటరు ఆగిన చప్పుడైంది. నాగప్ప తలుపు సందులోంచి చూశాడు. బండి తోలుతున్నది ఓబిలేష్. కువైట్‌లో పదేళ్లు పడవ మోటార్లు బాగుచేసి, అక్కడ పని పోయి, మొన్ననే ఊరికొచ్చి ఖాళీగా తిరుగుతున్న మనిషి. వెనక సీటు మీద జయరామయ్య శెట్టి. ఎదురింటి ట్రాక్టరు మెకానిక్కును పిలిచి గట్టిగా అడుగుతున్నాడు. "ఏమప్పా, ఈ ఊళ్లో పడవలకు మోటార్లు బిగించేది యాడ? ఏందీ, నీకు రాదా? అయితే పా ఓబిలేషూ, ఆడికే పోదాం."

పద్మావతమ్మ చేట కింద పెట్టింది. కొంగు నడుముకు దోపుకుంది. గొంతు సవరించుకొని వీధిలోకి పోయి, నాలుగిళ్ల అవతలికి వినబడేటట్టు మొదలుపెట్టింది.

"వంకలో చుక్క నీళ్లు ల్యావు, ఈ మనిషికి పడవలు కావాలంట. ఒసేయ్ చూడండే, మా ఇంటాయనకు మళ్లీ మతి పోయింది."